పంచని రొట్టె
బిషప్ ప్రభువులకు, దూరం నుంచే తమ ఉంగరాన్ని ముద్దాడి, బండిచక్రాలు చేసే ఆన్సెల్మ్ భార్య చేసుకునే విన్నపం.

పోయిన ఆదివారం పూజలో ఆశీర్వదించి పంచే రొట్టె చేసి తేవడం మా ఇంటి వంతు. మంచం పట్టిన నా భర్త, "అందులో ఓ ముక్క నోట్లో పడితే చాలే, హాయిగా వెళ్ళిపోతాను" అన్నారు. ఉన్న గోధుమపిండంతా పిసికి కాల్చి తీసుకెళ్ళాను. ముక్కలు హోదా వరసలోనే పంచుతారు కదా, మొదటిది దొరగారిది. రెండోదానికి న్యాయాధికారి భార్య, నోటరీ భార్య ఒకేసారి చేతులు చాచారు.

"కాగితాలు గీకేవాడి పెళ్ళానివి, నాకంటే ముందా?"

"మా ఆయన గీకకపోతే మీ ఆయనకి తీర్పులెక్కడివి, మదాం?"

ఫాదర్ గారు బెదిరిపోయి, తమరు తేల్చేదాకా పంచేది లేదని బుట్టను లోపల పెట్టి తాళం వేశారు. రొట్టె బూజు పడుతోంది. తలుపు చప్పుడైనప్పుడల్లా మా ఆయన "తెచ్చావా?" అంటున్నారు. ఒక్క ముక్క ఇమ్మని ఫాదర్ గారిని బతిమాలాను. "వాళ్ళకంటే ముందు నీకిస్తే ఈ ఊళ్ళో నన్ను ఉండనిస్తారా, తల్లీ?" అన్నారు.

ప్రభూ, రెండో ముక్క ఎవరిదో తమరు నిదానంగానే తేల్చండి. చివరి ముక్క మాదేనని అందరూ ఒప్పుకుంటారు, దానికి తగాదా లేదు. ఆ ఒక్కటీ ఇప్పుడే ఇప్పించండి. వంతు వచ్చేదాకా ఆయన ఆగేలా లేరు.