చప్పుడు లేని కంప్యూటర్

9 ఏప్రిల్ 2008, బుధవారం. వేలూరు బస్టాండ్

మే ఐదున ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. నాయన బతుకుతాడు, తింటాడు, నడుస్తాడు. మాట మాత్రం ఉండదు. డాక్టర్ ఇదంతా ఇంగ్లీషులో నాకు చెప్పాడు. నేను తెలుగులో నాయనకు చెప్పాను. ముప్పై ఏళ్ళు ధర్మరాజుల గుళ్ళలో భారతం హరికథ చెప్పిన మనిషికి, ఆ మాట నా నోటితో చెప్పాల్సి వచ్చింది.

ఆయన వేళ్ళు మడిచి లెక్క పెట్టుకున్నాడు. అయితే ఇంగా ఇరవై ఆరు దినాలుండాయి కదా అన్నాడు.

బస్సులో కిటికీ పక్క సీటు అమ్మ ఆయనకిచ్చింది.

12 ఏప్రిల్, శనివారం. ఇల్లు

నాయన నిర్ణయించేశాడు. ఊరూరా పద్దెనిమిది రోజులు చెప్పే కథను ఈ మిగిలిన రోజుల్లో నేను రికార్డు చెయ్యాలి. ఊరోళ్ళ మాటలంతా పట్టుకుంటావే, నీ నాయనవి పట్టలేవా అని ఒక పోటు పొడిచాడు. హైదరాబాద్‌లో డాక్యుమెంటరీలకు లొకేషన్ సౌండ్ చేస్తాను నేను. ఆయన దృష్టిలో అది మాటలు పట్టే పని.

మైకు నాది. దాన్ని కంప్యూటర్‌కు తగిలించే చిన్న బాక్సు నాది. రికార్డర్ మాత్రం కంపెనీది, అది వేరే టీముతో అరకులో ఉంది. ఇక హైదరాబాద్‌లో వదిలేసొచ్చిన నా లాప్‌టాప్ సంగతి చెప్పుకుంటే సిగ్గు. ఫ్యాను తిరిగితే రైస్ మిల్లే. బ్యాటరీ అరగంట. మా ఊర్లో పగలు ఆరు గంటలు కరెంటు ఉండదు. చిన్నది, బ్యాటరీతో నడిచేది, చప్పుడు చెయ్యనిది ఒకటి కొనాలి. ఎలాగూ నా పనికి కూడా కావాలి.

నాయన కోసం అని రాయలేక నా పనికి అని రాస్తున్నాను.

14 ఏప్రిల్, సోమవారం. తిరుపతి

ఎండ మాడ్చేస్తోంది. మూడో షాపులో పని జరిగింది. కంప్యూటర్ ఆన్ చేయించి, చెవి కీబోర్డుకు ఆనించి విన్నాను. ఏసీ ఆపమన్నాను. షాపతను, మునిశేఖర్ అట పేరు, హడలిపోయి, ఏమన్నా కాలిన వాసనొస్తా ఉండాదా మేడమ్ అన్నాడు. వింటున్నానయ్యా అన్నాను. కంప్యూటర్ని వినేవాళ్ళని ఇప్పుడే సూస్తా ఉండా అన్నాడు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి పన్నెండు అంగుళాలది. ఎనభై జీబీ డిస్కు. నెలల తరబడి రికార్డు చేసుకోవచ్చు. కానీ డిస్కు తిరుగుతుంటే లోపల గుర్ర్‌మని సన్నగా ఒకటే మూలుగు. రెండోది ఏడు అంగుళాలది. నోటుబుక్కంత. లోపల తిరిగే డిస్కే లేదు. ఉందో లేదో అన్నంత నిశ్శబ్దం. మూడు గంటల బ్యాటరీ. చోటు మాత్రం తక్కువ. విడిగా కార్డు పెట్టినా మొత్తం పది గంటల సౌండ్‌కు మించి పట్టదు.

పెద్దది తీసుకోండి మేడమ్, చోటనేది ఎంతున్నా చాలదు, ఆ చప్పుడు మనుషులకు యాడ వినపడతాది అన్నాడు మునిశేఖర్.

నాకు వినపడుతుంది అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు ఎంత గర్వంగా ఉందో ఒప్పుకోవాలి.

చిన్నదే కొన్నాను.

16 ఏప్రిల్, బుధవారం. సాయంత్రం

మొదటి రోజు. ఇంట్లో అన్నిటికన్నా మంచి స్టూడియో బెల్లం గది. నాలుగు గోడలకూ బెల్లం మూటలు పేర్చి ఉన్నాయి, గొంతు ఎక్కడా ప్రతిధ్వనించదు. చీమలు మాత్రం కేబుల్ పట్టుకుని ఊరేగుతున్నాయి. ఫ్యాను ఆపేశాం. నాయన చెమటతో తడిసిపోయాడు, అయినా కాలికి గజ్జె కట్టుకునే కూర్చున్నాడు.

అమ్మతో గొడవ. గాజులు గలగలమంటున్నాయి, తీసి పక్కన పెట్టు అన్నాను. ఆయన ఆపరేషన్ పెట్టుకోని ఉంటే నన్ను గాజులు తియ్యమంటావా, నీకు నోరెట్ల వచ్చిందే అని లేచింది. నాకు నిజంగా తట్టలేదు. నాకు వినపడింది చప్పుడు ఒక్కటే. సారీ చెప్పాను. అమ్మ లోపలికి రానంది. వాకిట్లో కూర్చుని కోళ్ళనీ, పలకరింపులకు వచ్చేవాళ్ళనీ తోలే పని పెట్టుకుంది.

గొంతు బొంగురు. అయినా ఆయనే. శంతనుడి దగ్గర మొదలుపెట్టి గంట చెప్పాడు. మధ్యలో పదిసార్లు ఆగాడు. దగ్గు, నీళ్ళు, మళ్ళీ దగ్గు. ఆగినప్పుడల్లా తలుపు వైపు చూసి అమ్మ కోసం మేయ్ పంకజం, నీళ్ళు అని అరుపు. నా హెడ్‌ఫోన్స్‌లో అది చెంపదెబ్బే. సౌండ్ లెవెల్ చూపే గీత ఎర్రగా కొట్టేస్తుంది. చెయ్యి చూపిస్తే చాలదా అని విసుక్కున్నాను. ముప్పై ఏండ్ల అలవాటు, చెయ్యి మాట యాడ వింటాది అన్నాడు.

20 ఏప్రిల్, ఆదివారం

ఐదు రోజులకే సగం నిండిపోయింది. కథ ఇంకా జూదం దగ్గరే ఉంది.

కొన్ని ఘట్టాలు వదిలేద్దాం అన్నాను. నాయన నన్ను చూసిన చూపు! ద్రౌపదమ్మను సభలోకి ఈడ్చుకొచ్చినాక కథ ఆపకూడదంట. మా పక్క ఏ భారతంలోనైనా అంతే. పద్దెనిమిదో రోజు గుడి ముందు మట్టితో చేసిన దుర్యోధనుడు పడాలి, ఆయమ్మ జుట్టు ముడి వేసుకోవాలి. మధ్యలో నిలిపితే ఆయమ్మ జుట్టు ఇరబోసుకోని అట్లే నిలబడి ఉంటాది, నేనేమో గొంతు తీపిచ్చుకోని పండుకోవాల్నా అన్నాడు.

సరే. రోజూ సాయంత్రం కూర్చుని కట్ చేస్తాను. దగ్గులు, మధ్యలో ఆగిన చోట్లు, నీళ్ళు, కబుర్లు, అన్నీ తీసేసి కథ ఒక్కటీ ఉంచుతాను. నా పనిలో రోజూ చేసేదే. ఈరోజు కూర్చుని చేస్తే గంటన్నర చోటు దొరికింది. అబ్బ, ఎంత క్లీన్‌గా ఉందో.

24 ఏప్రిల్, గురువారం

గొంతు లేవలేదు.

25 ఏప్రిల్, శుక్రవారం

ఈరోజూ లేవలేదు. అమ్మ మిరియాల పాలు కాచి ఇచ్చింది. మింగుతుంటే కళ్ళలో నీళ్ళు. నొప్పికేలే అన్నాడు.

29 ఏప్రిల్, మంగళవారం

భీష్ముడు పడ్డాడు. ద్రోణుడు పడ్డాడు. ఇరవై నిమిషాలు చెబితే గంట పడుకుంటున్నాడు. పడుకుని, నాతో ఏవో చెబుతుంటాడు. పలమనేరులో తను చలికి వణుకుతూ కథ చెప్పిన సంగతి. పెళ్ళైన కొత్తల్లో అమ్మ కాణిపాకం తిరునాళ్ళలో తప్పిపోతే తను మైకులో పేరు పెట్టి పిలిచిన సంగతి. నవ్వాడు కూడా. మైకు ఆన్‌లోనే ఉండిపోయింది. సాయంత్రం అదీ తీసేశాను. పదకొండు నిమిషాల చోటు దొరికింది.

2 మే, శుక్రవారం

అయిపోయింది! దుర్యోధనుడు పడ్డాడు. ద్రౌపదమ్మ జుట్టు ముడి పద్యం నాయన లేచి నిలబడి పాడాడు. చివర గొంతు చీలింది, అయినా వదల్లేదు. నేను ఏడుస్తూ లెవెల్ చూసుకున్నాను. మొత్తం కథ పట్టింది. ఇంకా ఏడు నిమిషాల చోటు మిగిలింది కూడా. మునిశేఖర్‌కు ఫోన్ చేసి చెప్పాలనిపించింది.

నాయన గజ్జె విప్పి అమ్మ చేతికి ఇచ్చాడు.

5 మే, సోమవారం. వేలూరు. మధ్యాహ్నం 3

ఆరు గంటలు పట్టింది. బాగా జరిగిందట.

11 మే, ఆదివారం. వేలూరు

దీన్ని రాయకుండా ఉండలేను.

నాయనను వార్డుకు మార్చారు. మెడకు కట్టు, చేతిలో రాసుకునే పలక. కళ్ళతోనే నవ్వుతున్నాడు. వరండాలో అమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది. నీ పెట్టెలో ఆయన మాట ఉండాది కదా, ఒకసారి పెట్టమ్మా అంది. హెడ్‌ఫోన్స్ తగిలించి శంతనుడి ఘట్టం పెట్టాను. రెండు నిమిషాలు విని తీసేసింది.

ఇది కాదు, నన్ను పిలిచినాడే, అది పెట్టు అంది.

వెతుకుతున్నట్టు నటించాను. అమ్మ ఓపిగ్గా కూర్చుంది. దినానికి పదిసార్లు పిలిచినాడు కదా, వాకిట్లోంచి నేను విన్నానే, ఒక్కటన్నా దొరకదా అంది. చెప్పేశాను. చోటు చాల్లేదమ్మా, కథ కోసం అవన్నీ తీసేశాను అన్నాను.

కథ ఊరోళ్ళదమ్మా, దాంట్లో నాకేముండాది అంది. లేచి లోపలికి పోయింది.

13 మే, మంగళవారం. తిరుపతి

మునిశేఖర్ షాపు. చెరిపేసిన ఫైళ్ళను వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ వేసి మూడు గంటలు చూశాడు. చెరిపిన చోటల్లా మళ్ళీ కథ కూర్చుంది మేడమ్ అన్నాడు. పెద్దది తీసుకోమన్నాను కదా అని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. టీ తెప్పించాడు.

ఒక్కసారి బస్సెక్కి చిత్తూరు వెళ్ళి సీడీల్లో కాపీ చేయించి ఉంటే అయిపోయేది. గంట పని. నాకు ఆ ఆలోచనే రాలేదు. టేకుకూ టేకుకూ మధ్య మాటలు మా పనిలో చెత్త కింద లెక్క. చెత్తను ఎవరు కాపీ చేసుకుంటారు? సన్నటి మూలుగు వినబడిందే ఈ చెవులకు, నాయన అమ్మను పిలవడం వినబడలేదు. థూ నా చెవులు.

15 మే, గురువారం. వేలూరు

నాయనకూ చెప్పాను. పలక తీసుకుని, మీయమ్మకు చెప్పకు అని రాశాడు. అమ్మకు తెలుసు నాయనా అన్నాను. తుడిచేసి, పలక పక్కన పెట్టేశాడు.

8 జూన్, ఆదివారం. ఇల్లు

పక్క ఊరి ధర్మరాజుల గుడి పెద్దలు వచ్చి సీడీలు అడిగారు. ఇచ్చాను. గుళ్ళో మైకులో పెట్టారు. నాలుగు ఊళ్ళకు వినిపిస్తోంది, ఎంత బాగా పట్టినావమ్మా అని అందరూ మెచ్చుకుంటున్నారు. నాయన వసారాలో కూర్చుని కథకు చేత్తో తాళం వేస్తున్నాడు. అమ్మ ఇంటి తలుపులు మూసేసింది.

22 జూన్, ఆదివారం. మధ్యాహ్నం

వంటింట్లోంచి అమ్మ, వస్తా ఉండా ఉండు అని కేకేసింది. ఎవరూ పిలవలేదు. నాయన వసారాలో నిద్రపోతున్నాడు. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన తల పక్కన పెట్టింది. దేనికట్ల అరిచేది, వినపడతా ఉండాదిలే అని విసుక్కుని లోపలికి వెళ్ళిపోయింది.