ఆవిడ చూపించిన ముఖం

గల్ఫు, 1997

అన్నయ్యగారికి తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ ఒక అరబ్బు ఆవిడ కొడుకును ఎవరో కారుతో గుద్దేసి పారిపోయాడు. ఇండియావాడేనని ఆవిడ చెప్పడంతో పోలీసులు మా క్యాంపు డ్రైవర్లందరినీ వరుసగా నిలబెట్టారు. ఆవిడ మొదట మనూరి అప్పలరాజు దగ్గర ఆగి, తర్వాత పక్కనున్న నన్ను చూపించింది.

ఆ పిల్లాణ్ణి గుద్దిన వేళప్పుడు నేను టీకొట్లో ఒక అరబ్బు పెద్దాయనతో మాట్లాడుతున్నాను. ఆ మాట చెబితే, ఆయన్ని గుర్తుపట్టమని పోలీసులు నలుగురిని తెచ్చారు. నాకు అందరూ ఒక్కలాగే కనిపించారు. నేను చూపించినాయన నన్నెప్పుడూ చూడలేదన్నాడు.

"వాళ్ల కళ్లకి మనమూ అంతేనండీ" అన్నాడు అప్పలరాజు.

రేపు ఆవిడ గుర్తుపట్టడానికి మళ్లీ వస్తుందట. ఈసారి ఇంకొకరిని చూపించాలని మొక్కుకుంటున్నాను. మీ మరదలు కుసుమకు ఏమీ చెప్పకండి. అప్పలరాజు వాళ్లమ్మ చిట్టెమ్మగారు అడిగితే, ఇద్దరం కులాసాగానే ఉన్నామనండి.

మీ తమ్ముడు