ఇల్లు మనవరాలికి రాయకపోవడానికి కారణాలు

నేను, పదవీ విరమణ చేసిన గణితం టీచరును, వయసు ఎనభై ఒకటి, ముందు గదిలో మంచం పక్కన బల్ల వేయించుకుని, నా చేత్తో నేనే రాసుకుంటున్న చివరి వీలునామా ఇది. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టి నా చేత ఒక పని చేయించగలిగినవాళ్లు ఈ ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు, మెట్టలేదు. నా మతి స్థిమితంగా ఉంది. అందులో అనుమానం ఉన్నవాళ్లు, ముఖ్యంగా మా కోడలు, జతపరిచిన డాక్టరమ్మ సర్టిఫికెట్టు చూసుకోవచ్చు. నా గుండె ఈ వానాకాలం దాటడం కష్టమని కూడా ఆవిడ అందులోనే రాసింది. లోగడ రాసిన వీలునామాలు రెండూ దీనితో రద్దు.

1. దీన్ని అమలు జరపవలసినది మా వకీలు. నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే. అప్పట్లో కూడికలు తప్పేవాడు గానీ, తప్పిందని ఒప్పుకునేవాడు. నాకు అది చాలు. అతని ఫీజు నా బ్యాంకు ఖాతాలోంచి ముందుగా ఇవ్వాలి. మొహమాటపడి వద్దంటే వినకూడదు.

2. ఈ ఇల్లు, చుట్టూ ఉన్న స్థలం నా స్వార్జితం. జీతంలో మిగిల్చి కొన్నాను. తాకట్టు లేదు, తగాదా లేదు. కొన్నప్పుడు ఇది పొలం మధ్య ఇల్లు. ఇప్పుడు ఎడమ పక్క గోడౌను, కుడి పక్క టైర్ల షాపు. గోడలు రాయి, మట్టి, పైన సున్నం. సున్నం గోడ తడి పీలుస్తుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. ఏటా ఒకసారి వెల్ల వేయడం తప్ప అది మననుంచి ఏమీ కోరదు.

3. స్థలం అమ్మగా వచ్చే సొమ్ములో సగం నా కొడుక్కి చెందాలి. ఒక్కగానొక్క కొడుక్కి సగమేనా అని చుట్టాలు అడుగుతారు కాబట్టి కారణం ఇక్కడే రాస్తున్నాను. పన్నెండేళ్ల కిందట, ఏటా వెల్ల వేయించడం దండగ అని వాడు వంటగది వెనక గోడకు లోపలా బయటా సిమెంటు పూయించాడు. నేను వద్దన్నాను. "ఒక్కసారి పూసి పడేస్తే నీ ముని మనవలు కూడా దాని జోలికి పోనక్కర్లేదమ్మా, లెక్కల టీచరువి, ఆమాత్రం తెలియదా" అన్నాడు. సింకు పక్కనుంచి గోడలోకి దిగిన తడి బయటికి వచ్చే దారి లేక అక్కడే ఉండిపోయింది. పైకి సిమెంటు గట్టిగా ఉంది. లోపల మట్టి పిండైపోయింది. మేకు కొడితే ఊడి వచ్చేటప్పుడు గుప్పెడు మట్టి వెంట తెస్తుంది.

వాడు చెడు తలచి చేశాడని నేను అనడం లేదు. చవకలో తేల్చాలని చూశాడు. ఆ పొదుపు వాళ్ల నాన్నది. లెక్క నాది. లెక్క వాడికి రాలేదు.

4. కోడలికి నా స్టీలు డబ్బాలు, మూతలతో సహా. నా డబ్బాలకు మూతలు సరిపోవని ఆమె చాలాసార్లు అంది. ప్రతి మూతకూ ఒక డబ్బా ఉంది. ఓపిగ్గా చూస్తే దొరుకుతుంది.

5. కొళాయి మేస్త్రీకి నా ఇనుప నిచ్చెన. సింకు పైపు బాగుచేయడానికి వచ్చిన ప్రతిసారీ దాన్నే అడిగి పట్టుకెళ్లి, నెల తర్వాత తెచ్చేవాడు. ఇక తేనక్కర్లేదు.

6. వంటగదిలో ఉన్న అలంకరణ సామానంతా నా మనవరాలిది. అంటే నా కొడుకు కూతురిది. ఏది నాది, ఏది తనది అనే పేచీ రాకుండా విడమరచి రాస్తున్నాను.

అది ఫర్నిచర్ షాపులో పని చేసేది. కొనేవాళ్లకు చూపించడానికి అక్కడ ఉత్తుత్తి గదులు అమరుస్తారు, ఆ అమర్చే పని దానిది. మూడేళ్ల కిందట ఆ షాపు మూతపడ్డాక "రెండు వారాలు ఉండి పోతాను నానమ్మా" అని వచ్చింది. వచ్చిన మూడో రోజే ఫోనులో బొమ్మలు చూపించడం మొదలుపెట్టింది. తెల్ల గోడలు, చెక్క అరలు, కిటికీలో గాజు సీసాలు. దీన్ని ఫామ్‌హౌస్ కిచెన్ అంటారని చెప్పింది. మనం కూర్చున్నది పొలం ఇంట్లోనే కదే, మరి ఇదేమిటి అని అడిగాను. "ఇది పాత ఇల్లు నానమ్మా. అది పాత ఇల్లులా కనిపించే ఇల్లు" అంది. ఆ తేడాకు మనుషులు డబ్బిస్తారట. వంటగది బాగుచేసి, ఊరి గోల భరించలేనివాళ్లకు ఇంటిని రోజువారీ అద్దెకు ఇద్దామంది. పక్కన టైర్ల షాపు గోల ఎవరు భరిస్తారని నేను అడగలేదు.

కొత్త బల్లను గరుకు కాగితంతో అరగదీసి పాతదాన్ని చేసింది. నా పాత టేకు బీరువాకు తెల్ల రంగు వేసి కొత్తదాన్ని చేసింది. ఈ రెండో పనికి నేను నాలుగు రోజులు దానితో మాట్లాడలేదు. అయినా బీరువా దానికే ఇస్తున్నాను, ఎందుకంటే ఆ రంగుతో అది ఇంకెవరికీ పనికిరాదు. పళ్ల పెట్టెలు గోడకు బిగించి అరలు చేసింది. విరిగిన చెక్క నిచ్చెనను పైకప్పుకు వేలాడదీసి కొక్కేలకు గిన్నెలు తగిలించింది. సింకు కింద తలుపుకు బదులు నా చారల చీర చింపి తెర కట్టింది. మూతపడిన బడి సామాన్లు అమ్ముతుంటే నల్లబల్ల ఒకటి పట్టుకొచ్చి, దానిమీద రోజూ ఏం వండుతున్నామో రాసేది. అక్షర దోషాలు నేను దిద్దేదాన్ని. అన్నీ కలిపినా ఒక కొత్త అలమర ఖరీదు కాలేదు. రసీదులు చూశాను.

ఆ వంటగది అందంగా ఉంది. ఈ మాట నేను దాని మొహం మీద ఎప్పుడూ అనలేదు. ఇక్కడ అంటున్నాను.

7. ఇల్లు మాత్రం నా మనవరాలికి చెందదు.

దీన్ని రెండుసార్లు చదవండి. పొరపాటున రాసింది కాదు. "ఇల్లు దాని పేరు మీదే పెట్టెయ్యమ్మా, ఎలాగూ అదే చూసుకుంటోంది, నాకేం అభ్యంతరం లేదు" అని నా కొడుకు నాకు మూడుసార్లు చెప్పాడు. తండ్రి మనసు పెద్దదని అందరూ మెచ్చుకున్నారు. ఈ ఇల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల నెత్తిన కూలుతుందని వాడికి తెలియక కాదు. తెలుసుకోవడం ఇష్టం లేక. ఇల్లు తన పేరు మీద పెట్టగానే నా మనవరాలు ఇక్కడే ఉండిపోతుంది. ఇంకో అర బిగిస్తుంది, ఇంకో తెర కడుతుంది. ముప్పై మూడేళ్ల మనిషి. వేరే ఊళ్లో పెద్ద షాపువాళ్లు రెండుసార్లు ఉద్యోగానికి పిలిచారు. నానమ్మకు ఒంట్లో బాగోలేదని రెండుసార్లూ జవాబు రాసింది. మూడోసారి వాళ్లు పిలవలేదు.

8. ఈ క్లాజు వకీలు బయటికి చదవకుండా, నా మనవరాలికి విడిగా ఇవ్వాలి.

అమ్మడూ, పోయిన ఏడాది నువ్వు అప్పుకు దరఖాస్తు పెడితే బ్యాంకువాళ్లు ఇంజనీరును పంపారు కదా. ఆయన వెనక గోడ మీద పగులుకు అడ్డంగా సన్నటి గాజు పలక అంటించి వెళ్లాడు. గోడ కదిలితే గాజు విరుగుతుంది, కదలకపోతే విరగదు అని నాకూ చెప్పాడు. ఆ గోడను పునాది నుంచి లేపి కట్టాలంటే ఆ డబ్బుతో వేరేచోట రెండు గదులు వేసుకోవచ్చని కూడా అన్నాడు. ఆ తర్వాత నేను అడిగినప్పుడల్లా "గాజు అలాగే ఉంది నానమ్మా, గోడ రాయిలా ఉంది" అన్నావు. నేను కర్ర పట్టుకుని వెళ్లి చూస్తే అలాగే ఉంది.

చలికాలంలో ఒకరోజు హాల్లో మీ తాతయ్య ఫొటో తుడుస్తుంటే గుడ్డ కాగితానికి తగిలింది. ఫ్రేములో అద్దం లేదు. నీ దగ్గర గాజు కోసే పనిముట్టు ఉందని నాకు తెలుసు. వంటగదిలోకి వెళ్లి గోడ మీద గాజును వేలితో తడిమి చూశాను. ఇంజనీరు పెట్టింది మందం, అంచు ఆకుపచ్చ. ఇది పల్చన.

రెండు నెలలకు మా బడి గ్రూపు ఫొటో అద్దం పోయింది. వేసవిలో నీ చిన్నప్పటి ఫొటోది పోయింది. హాల్లో ఇప్పుడు అద్దం ఉన్న ఫొటో ఒక్కటే మిగిలింది.

గోడ ఎంత కదిలిందో హాల్లో కూర్చుని నేను లెక్క కట్టుకుంటూనే ఉన్నాను. పొయ్యి వరండాలోకి మార్చి "బయట వంట చేయడం ఇప్పుడు ఫ్యాషను నానమ్మా" అన్నప్పుడు, ఫ్యాషను బాగానే ఉందన్నాను. ఇంటిని అద్దెకు ఇవ్వడం గురించి నువ్వు మాట్లాడటం మానేసి ఏడాది అయింది. అయినా అరలు బిగిస్తూనే ఉన్నావు. ఎవరి కోసం బిగిస్తున్నావో నాకు తెలుసు. నేను నిశ్చింతగా పోవాలని నీ బాధ.

నాకు తెలుసని నీకెందుకు చెప్పలేదంటావు. చెప్తే నువ్వు రంగు డబ్బా మూత పెట్టేస్తావు. ఆ తర్వాత మనిద్దరం ఎదురెదురుగా కూర్చుని గోడ వంక చూడటం తప్ప చేసేదేముంటుంది? నన్ను ఈ ఇంట్లోంచి కదిలిస్తే దారిలోనే పోతానంది డాక్టరమ్మ. పోనివ్వండన్నాను. నువ్వు ఒప్పుకోలేదు. నువ్వు ఇక్కడ ఖర్చు పెట్టిన మూడేళ్లు తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎన్ని రకాలుగా వేసినా ఈ లెక్క తేలలేదు.

9. కనుక: నేను పోయిన రోజు వంటగదిలోకి ఎవరూ వెళ్లకూడదు. కబురు అందగానే వకీలు వచ్చి ఈ మాట అందరికీ చెప్పాలి. నలుగురూ చేరినప్పుడు టీ పెట్టాలని ఎవరో ఒకరు ఆ గదిలోకే దూరతారు. టీ, భోజనాలు హోటలు నుంచి తెప్పించాలి. నెల తిరిగేలోగా ఇల్లు పడగొట్టించి, వకీలు దాన్ని ఖాళీ స్థలంగా అమ్మాలి. పడగొట్టేటప్పుడు నా మనవరాలు అక్కడ ఉండకూడదు. అమ్మగా వచ్చిన మిగతా సగం, బ్యాంకులో ఉన్నదంతా దానికి. ఆ డబ్బుతో అది సొంత గది కట్టుకుంటుందో, తగలేస్తుందో నేను అడగను. ఆ డబ్బు దాని చేతిలోంచి తీసుకోవడానికి తండ్రి ఏ వంకతో వచ్చినా వకీలు అడ్డుపడాలి.

ఇల్లు ఇవ్వలేదని అది నామీద అలిగితే అలగనివ్వండి. ఎవరూ సర్దిచెప్పవద్దు.

10. ఆఖరుగా, రంగు సంగతి. పగులు ఇప్పుడు అరలు దాటి పైకి వచ్చింది. దాన్ని కప్పడానికి పోయిన వారం నా మనవరాలు వచ్చి "వెనక గోడకు ఏ రంగు వెయ్యమంటావు నానమ్మా" అని అడిగింది. వద్దంటే ఎందుకంటుంది. సరేనంటే ఆ గోడ కింద బల్లెక్కి పూటంతా కుంచె పట్టుకుని నిలబడుతుంది. అందుకని నమూనాలు తెమ్మన్నాను. మొదట తెచ్చింది మరీ పచ్చగా ఉందన్నాను. తర్వాతది పాలిపోయిందన్నాను. ఇంకోటి ఆసుపత్రి గోడలా ఉందన్నాను. రంగుల షాపతను "మీ నానమ్మగారికి పెళ్లికొడుకును కూడా ఇలాగే వెతికారా" అని అడిగాడట. అది నవ్వుతూ చెప్పింది, కళ్లు మాత్రం అలసిపోయి ఉన్నాయి. ఈ రోజు పొద్దున బూడిద రంగులో మూడు రకాలు తెచ్చింది. మూడూ బాగున్నాయి. మూడూ తిప్పి పంపాను. పెద్దతనం వచ్చాక ముసల్దానికి ఏదీ నచ్చడం లేదని, నన్ను చూడటానికి వచ్చిన కోడలు పక్క గదిలో ఫోనులో చెబుతుంటే విన్నాను. నిజమే. నేను ఉన్నంతవరకు నాకు ఏ రంగూ నచ్చదు.

ఇందులోని ప్రతి మాటా నేను రాసి, చదువుకుని, సరిచూసుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాను. సాక్షులిద్దరికీ ఈ ఆస్తిలో చిల్లిగవ్వ రాదు. వాళ్ల ఎదుట చదివినప్పుడు ఎనిమిదో క్లాజు మీద కాగితం కప్పాను.

2024 జూన్ 12, బుధవారం. మబ్బు పట్టింది, ఇంకా వాన మొదలవలేదు.

(చేవ్రాలు) వీలునామా రాసినామె, గణితం టీచరు, విశ్రాంత

సాక్షులు:
(చేవ్రాలు) వైద్యం చేస్తున్న డాక్టరమ్మ
(చేవ్రాలు) ఎదురింటి కుట్టుమిషను ఆవిడ