అంకె మీద అంటించిన చీటీ

రీనో,
శుక్రవారం మధ్యాహ్నం

అమ్మా,

నేనూ నాన్నా ఎల్డన్ మామయ్యా ముగ్గురం కులాసా. నువ్వూ నీ కోళ్ళూ మాకంటే బాగున్నారని నమ్ముతున్నాను.

ముందు నీ ప్రశ్నల సంగతి. నాన్న బాగానే తింటున్నాడు, ఉల్లిపాయలు మాత్రం ఏరి నా పళ్ళెంలో వేస్తున్నాడు. మామయ్యకు దగ్గు తగ్గింది, గొప్పలు తగ్గలేదు. నువ్వు పంపిన సామాన్ల చీటీ నాన్నకే ఇచ్చాను. పందెం విమానం రెక్కలు మళ్ళీ కోశారా అని అడిగావు. కోశాం, చెరో వైపు మూరెడు. లెక్క నాదే. రెక్క కురచైతే పందెంలో జోరు పెరుగుతుంది, ఇంజను ఆగితే మాత్రం రాయిలా దిగుతుంది. ఇన్నేళ్ళుగా నువ్వు భయపడుతున్నది దానికే కదా.

నిన్న ఇంజను ఆగింది. కంగారుపడకు, నాన్న ఇక్కడే గురక పెడుతున్నాడు.

పందెం మూడో చుట్టులో ఇంజను పగిలి ముందు అద్దమంతా నూనె చిమ్మింది. నాన్న రేడియోలో 'మేడే', అంటే ప్రాణాపాయం అని చెప్పి, ఉన్న వేగంతోనే నిటారుగా పైకి లేచాడు. ఆ మాట వినపడితే రేడియోలో ఇంకెవరూ నోరు విప్పకూడదు. ముందు ఏమీ కనపడదు కాబట్టి పక్కకు చూస్తూ దిగాలి, ఇంజను లేదు కాబట్టి అదీ ఒక్కసారే.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఇంజను ఆగితే ఎంతకంటే నెమ్మదించకూడదో ఒక అట్టముక్క మీద రాసి పైలట్ ముందు అంటిస్తాం. అందులో పాత రెక్కల అంకే ఉంది, గంటకు నూట నలభై మైళ్ళు. కొత్త రెక్కలకు నూట యాభై ఐదు కావాలి. రెక్కలు కోసిన రోజే దాన్ని మార్చాల్సింది నేను, అమ్మా. మర్చిపోయాను. పాత అంకెను నమ్మితే నేలకు చేరేలోపే కూలుతుంది.

కింద రేడియో దగ్గర మామయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. “మాట్లాడకే. బావ ధ్యాస చెదురుతుంది.”

విదిలించుకుని రేడియో మీట నొక్కాను. “నాన్నా, అంకె తప్పు. పదిహేను కలుపు.”

 చివరి క్షణంలో చక్రాలు బయటికొచ్చాయి. విమానం జోరుగా నేలను తాకి, రన్‌వే దాటి, ఒక టైరు పేల్చుకుని సేజ్ అనే ఎడారి పొదల్లో ఆగింది. పరుగెత్తుకెళ్ళి తప్పు నాదని చెప్పాను.

“ఏ అంకె?” అన్నాడు నాన్న.

తొంగి చూశాను. అట్టముక్క మీద, అంకె కనపడకుండా, నీ సామాన్ల చీటీ అంటించి ఉంది.

“జేబులో పెడితే పారేసుకుంటానని మీ అమ్మే కదా అంటుంది. నిన్న పొద్దున దిగినప్పుడే తెలిసింది, ఈ విమానం ఇదివరకటికంటే ఎక్కువ వేగంలోనే పట్టు తప్పుతోందని. ఆ అంచనాతోనే దిగా.” అంతదాకా నవ్వుతున్నవాడు నవ్వు ఆపేశాడు. “ఇకపై అంకె ముందు, రంపం తర్వాత.”

నీకు చెప్పొద్దన్నాడు. చెప్పకపోతే నాకు తిండి సయించేలా లేదు. రేడియోలో మాట్లాడినందుకు పందెంవాళ్ళు నన్ను ఇక రేడియో దగ్గరికి రావద్దన్నారు. ఇంజను పోయింది కాబట్టి ఈ ఏటికి మా పందెమూ అయిపోయింది. సోమవారం బయలుదేరతాం.

నీ చీటీ నూనెలో తడిసినా చదవగలిగాం. పైన్ గింజలు, మేజోళ్ళు కొన్నాం. చీటీలో రాసిన సేజ్ పూల తేనె కోసం తాను స్వయంగా పొదల్లోకే వెళ్ళి వెతికానని చెప్పమన్నాడు నాన్న.

ఇట్లు,
ఇంకెప్పుడూ అంకె మర్చిపోని నీ కూతురు,
మారెన్