రెండు చేతులూ వదిలిన రోజు

పూజ్యుడైన అన్న నర్సయ్యకు తమ్ముడు చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం.

తేదీ, ఊరు కావాలనే రాయలేదు. అవి లేని లేఖలకు మార్కులు తగ్గించినవాణ్ని... కానీ నీవున్న చోట తేదీలతో ఏం పని?

నీవు తాటిచెట్టు మీదినుంచి పడి మమ్మల్ని విడిచి మూడేళ్ళు నిండాయి. ఇన్నాళ్ళూ రాయడానికి మనసు రాలేదు. ఈ రోజు రాయకుండా ఉండలేకపోతున్నాను. అన్నా, నేను చెట్టెక్కాను!

అవును, నేనే. అరవై తొమ్మిదేళ్ళ వయసులో, ధోవతి మాని పంట్లాము తొడుక్కుని మరీ. "చెట్టు నాకిడిసిపెట్టు, నువ్వు బడికి పో" అని చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టినవాడివి... కోపం వచ్చిందా? ముందు కారణం విను.

నీ కొడుకు సైలు నీ మోకుతోనే చెట్లెక్కి కల్లు గీస్తున్నాడు. నీవు పడిననాడు నీ నడుముకున్న తాడే అది. చెట్టు మీదినుంచి పడకుండా కాపాడే కొత్త కిట్లను గీత కార్మికులందరికీ సర్కారు ఇచ్చింది. వాడిది మాత్రం సంచి కూడా విప్పకుండా అటక మీద పెట్టాడు. బాపు మోకు ఉండగా ఈ పట్టీలు కట్టుకుంటే తోటివాళ్ళు నవ్వరా అని వాడి వాదన. ఎవరో నవ్వుతారని ప్రాణం పణంగా పెడతారా? ఎండుమట్టలు అడ్డం వచ్చినచోట మోకు విప్పి, పైన మళ్ళీ వేసుకునే ఆ ఒక్క క్షణంలోనే కదా నీవు...

ముప్పై ఏళ్ళు పిల్లల అసంపూర్ణ వాక్యాలు దిద్దినవాణ్ని. దీన్ని మాత్రం ఇలాగే వదిలేస్తున్నాను.

కిట్టు వాడకం నేర్పే శిక్షణ రోజున వరంగల్ నుంచి మొదటి బస్సుకే మన ఊరికి వెళ్ళాను. సైలు కిట్టును అటక మీదినుంచి నేనే దింపి తాటివనానికి పట్టుకెళ్ళాను. ఏటూరునాగారం వైపునుంచి వచ్చిన శిక్షకుడు నా తెల్లజుట్టు చూసి వద్దన్నాడు. నేను వింటానా?

నడుముకూ తొడలకూ వెడల్పాటి పట్టీలు. పాదాలకొక తాడు. మొద్దు చుట్టూ ఒకటి కాదన్నా, రెండు తాళ్ళు! మట్ట అడ్డం వస్తే ఒక తాడు విప్పి మట్టకు పైన వేయాలి. కొక్కెం తాళం పడిందో లేదో లాగి చూడాలి. ఆ తరువాతే రెండోది విప్పాలి. ఎప్పుడూ ఏదో ఒక తాడు మనల్ని పట్టుకునే ఉంటుంది. మినహాయింపే లేని నియమం! నా వ్యాకరణంలో ఇంత నమ్మకమైన సూత్రం ఎక్కడుంది?

రెండు నిలువుల ఎత్తు ఎక్కి మొద్దును కరుచుకున్నాను. సారుకు సంధులు కలిపినంత సులువు కాదని కిందినుంచి ఎవరో ఎగతాళి చేశారు. సరిగ్గా అప్పుడే శిక్షకుడు రెండు చేతులూ వదలమన్నాడు.

నీ మాట చెవిలో మోగింది... "చెట్టు మీద చెయ్యిడిస్తె దేవుడు గూడ పట్టడు తమ్మీ."

వదిలాను. పడలేదు! ఉయ్యాలలో పసిబిడ్డలా వెనక్కి వాలి కూర్చున్నాను. తాటిచెట్టు మీద రెండు చేతులూ వదిలి బతికినవాడు మన వంశంలో నాకు ముందు ఎవరైనా ఉన్నారా? చప్పట్లు కూడా కొట్టాను.

కింద నిలబడి చూస్తున్న సైలు నవ్వలేదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను దిగాక నా పట్టీలు వాడే విప్పి తన నడుముకు బిగించుకున్నాడు. సాయంత్రం ఇంటికి పోయి చూస్తే నీ మోకు నీ ఫోటో పక్కన మేకుకు వేలాడుతోంది.

రేపు పెత్తరమాస, పోయిన పెద్దలకు పెట్టుకునే రోజు. నీకు చదువు రాదు. "నీ తెలుగు సగమే సమజైతది, అయినా ఇనబుద్ధైతది" అనేవాడివి. అందుకే ఈ ఉత్తరాన్ని సైలు చేతికి ఇస్తున్నాను.

నాయనా సైలూ, రేపు కిట్టు వేసుకుని బాపు చెట్టెక్కు. ఆయన కల్లు లొట్టి కట్టే చోట ఆగి, కొక్కేలు లాగి చూసుకుని, ఇదంతా గట్టిగా చదివి వినిపించు. ఒత్తులు మింగకు. కాగితాన్ని రెండు చేతులతోనూ పట్టుకో.