దద్దు పోయినంక

ఫిబ్రవరి 11
జ్యోతిక ముఖమంత ఎర్ర దద్దు. నాలుగేండ్ల మనవరాలు. తట్టే. గుమ్మానికి యాపమండలు కట్టిన, ఇంట్ల పోపు బంద్ చేయించిన. దవాఖానకు పోదాం మామా అన్నది కోడలు మౌనిక. అమ్మ ఒచ్చినప్పుడు సూది ముట్టొద్దని మా సత్సంగం గ్రంథం తెరిచి చూపించిన. చూడలే.

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం
పిల్ల దిండు కింద మందు సీసా! నేను సత్సంగం చెప్పనీకి పోయినప్పుడు మౌనిక ఎల్బీనగర్‌ల డాక్టర్ నాగేశ్వరికి చూపించుకొచ్చిందట. విటమిన్ ఏ అట, కండ్లు పోకుండ కాపాడుతదట. సీసా మూడుసార్లు వాసన చూసిన. ఇంకేం కలిపిన్రో.

ఫిబ్రవరి 14
డాక్టర్‌నే నిలదీద్దామని పోయిన. టీకా ఎందుకేయించలేదని ఆమే నన్ను నిలదీసింది. వద్దన్నది నేనేనని ఆమెకెవరు చెప్పిన్రు? మౌనికే.
పాత రోగాల్ని గుర్తుపట్టే కణాలు ఒంట్ల ఉంటయట. తట్టు వైరస్ వాటినే చంపుతదట. దద్దు పోయినా, నెలలకొద్ది, ఒక్కోసారి రెండుమూడేండ్లు, ఒంటికి పాత శత్రువులు యాదికి రారట. తట్టునొక్కదాన్నే మరువదట. నేను నవ్విన. రోగమొచ్చి పోతే ఒళ్లు గట్టిపడుతది గాని మరుస్తదా అన్న. పెద్దాయనా, పోలీస్ ఠాణా కాలిపోయింది, కాలబెట్టినోని ఫొటో ఒక్కటి మిగిలింది, తక్కిన దొంగల ఫొటోలన్ని బూడిదైనయి, అట్ల అనుకోండి అన్నది. పిల్లను జనంలకు తీస్కపోవద్దన్నది.
జనమంటే నా సత్సంగమేనా? మౌనిక ఎంత చెప్పిందో ఏమో.

ఫిబ్రవరి 17
పసుపు, యాపాకు నీళ్లతోటి తలకు పోసినం. పిల్ల లేచి ఉరుకుతుంది. డాక్టరమ్మ ఓడింది.

ఫిబ్రవరి 20
దిల్‌సుఖ్‌నగర్ హాల్. మూడొందల మంది. పిల్లను పీట మీద కూసోబెట్టి మైక్ పట్టిన. అమ్మ ముట్టిన బిడ్డ ఇది, ఇగ ఏ రోగం దీని దరికి రాదు అన్న. లైన్ కట్టి కాళ్లు మొక్కిన్రు. మా పాత భక్తుడు రామస్వామి దగ్గుకుంటనే పిల్ల నుదురు ముద్దు పెట్టుకున్నడు. మౌనిక గోడకానుకొని నన్నే చూసింది. ఆ చూపు నాకు నచ్చలే.

ఫిబ్రవరి 25, పొద్దున 6
పిల్ల ఊపిరి ఎగబోస్తుంది. పక్కటెముకల కింద గుంత పడుతుంది. ఈసారి సూది వద్దనలే. ఆటోల నేనే ఒళ్లో పెట్టుకున్న. న్యుమోనియా. ఆక్సిజన్ పెట్టిన్రు.
దిష్టా? ఆ సీసానా? రామస్వామా? ఒక్కొక్కల్ని అనుమానించుకుంట కారిడార్‌ల తిరిగిన. పిల్లను పీట మీద కూసోబెట్టింది ఎవరు మామా అన్నది మౌనిక. గట్టిగ కూడ అనలే.

ఫిబ్రవరి 26
గ్రంథం తెరిచిన. మూసిన.

మార్చి 2
ఆక్సిజన్ తీసిన్రు. పాలు తాగింది.

మార్చి 6
మైక్‌ల సత్సంగంల అందరికి ఉన్నదున్నట్టు చెప్పిన. టీకా వద్దన్నది నేను, జనంలకు తెచ్చింది నేను, మీ పిల్లలకు సూది వేయించుండ్రి అన్న. చప్పట్లు కొట్టిన్రు! మా స్వామికి ఎంత వినయం అని రామస్వామి కండ్లు తుడుసుకున్నడు. సూది గురించి ఒక్కరడగలే. పాప ఇంటికెప్పుడొస్తది, దర్శనం ఎప్పుడు అని అడిగిన్రు. నేను ముప్పై ఏండ్లు వీళ్లకు ఏం నేర్పిన?

మార్చి 8
పిల్ల ఇంటికొచ్చింది. గేటు కాడ పదకొండు మంది, కొబ్బరికాయలతోటి. గేటుకు తాళమేసి తాళంచెవి మౌనికకిచ్చిన. వాళ్లందరి నడుమ తిరిగొచ్చిన్రు గదా, మీరు గూడ వరండాలనే ఉండుండ్రి అన్నది.
ఉన్న.