బావ పొడుగెంత

12 జూలై 1982, సోమవారం
రీసెర్చి గైడు సారు ఇవాళ కూడా నవ్వారు. "మనసులో ఉన్నదాన్ని టేపుతో కొలుస్తావా అమ్మా?" కొలుస్తాను. ఒకే మనిషిని రెండు క్లాసులకు చూపిస్తాను — ఒకచోట ఇంజనీరని, ఇంకోచోట రేవు కలాసీ అని. పొడుగెంతో చీటీ మీద రాయమంటాను. 'మేం ఉద్యోగాన్ని బట్టి మనిషిని చూడం' అనేవాళ్ళ సంగతి అప్పుడు తేలుతుంది. శనివారంలోగా ఏదో ఒకటి చూపించకపోతే టాపిక్ మార్చేస్తారట. ఇన్నాళ్ళ పని...

13, మంగళవారం
మనిషి దొరికాడు. ఇంట్లోనే ఉన్నాడు — అక్క మొగుడు. నిజంగానే రేవులో కలాసీ. ఎందుకో చెప్పకూడదు, చెబితే నడక మారిపోతుంది. "ఊరికే నించోడానికి సెలవెట్టాలేటి మరదలా?" పెట్టాడు, బంగారు బావ.

15, గురువారం
అయిపోయింది. ముందు నేను లోపలికెళ్ళి వచ్చేదెవరో చెప్పడం, తర్వాత బావ రావడం. పొద్దున ఇంజనీరు, మధ్యాహ్నం కలాసీ. అదే తెల్లచొక్కా. చీటీలు సంచిలో ఉన్నాయి. రేపటిదాకా విప్పను.

విప్పాను. ఇంజనీరు బావ కలాసీ బావకంటే నాలుగు వేళ్ళు పొడుగు! అక్కను పట్టుకుని గిర్రున తిప్పేశాను. "పిచ్చెక్కిందేటే నీకు?" ఎక్కింది.

17, శనివారం
సారు నా కాగితంలో ఒక లైను మీద వేలు పెట్టారు. ఇంజనీరు రాగానే క్లాసంతా లేచి నించుంది, కలాసీకి ఎవరూ లేవలేదు. "చూసే ఎత్తే మారిపోయింది. ఇది చెల్లదమ్మా." ఆ లైనే మళ్ళీ మళ్ళీ చదివాను. తర్వాత తట్టింది — "సార్, నించుని చూస్తే మనిషి పొట్టిగా కనబడాలి కదా. కూర్చుని తలెత్తి చూసినవాళ్ళకి పొడుగ్గా కనబడాలి. ఇక్కడ తిరగబడింది సార్."

సారు కూర్చుని నన్ను చూశారు. లేచి చూశారు. మళ్ళీ కూర్చున్నారు. "సరే, రాసెయ్యి."

గెలిచాను. మెట్లు దిగానో దూకానో తెలియదు. టాపిక్ నాది!

18, ఆదివారం
చర్చిలోనూ నవ్వు ఆగడం లేదు. అక్క మోచేత్తో పొడిచింది.

మధ్యాహ్నం నా గెలుపుకని వంజరం పులుసు. బావ రెండోసారి వడ్డించుకుంటూ, "మరదలా, రెండు గదుల్లోనూ అదే సొక్కా ఏసుకున్నాను గదా. మొదటిదాన్లో అందరూ నెగిసి నించున్నారు, రెండోదాన్లో ఎవులూ నెగనేదేటి?"

నవ్వుతూనే అడిగాడు. జవాబు కోసం చూస్తూ కూర్చున్నాడు. పులుసు బాగుందన్నాను...